మాతో నడిచిన టీచరమ్మ

మా టీచరమ్మ పోయిందన్న కబురు బడిలో ప్రార్థన జరుగుతుండగా వచ్చింది. కామారెడ్డి నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందమ్మా. పొద్దుగాల చాయ్ తాగుకుంట పేపర్ సదువుతుండె. గట్లనే ఒరిగిపోయింది" అన్నాడు. పిల్లలు జనగణమన పాడుతున్నారు. అది ముగిసేదాకా కదలకుండా నిలబడి, తర్వాత సెలవు చెప్పి బడికి తాళం వేశాను.

నేను రోడ్డు మీదికి వచ్చేసరికే మా ఊరి ఆడవాళ్ళు ఆటోలు మాట్లాడుతున్నారు. ఏడుస్తూనే బేరం చేస్తున్నారు. నాట్లు పడుతున్న రోజులు. నారుకట్టలు గట్టు మీద వదిలేసి, కాళ్ళు కడుక్కుని వచ్చినవాళ్ళే అందరూ. ఆమె మా ఊళ్ళో పుట్టలేదు. మా కులం కాదు, మాకు చుట్టమూ కాదు. కామారెడ్డి దాకా ఆటోలో ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చుని పోతుంటే, ఆమెను ఎరగనివాళ్ళకు ఆమె గురించి చెప్పాల్సి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచించాను. మమ్మల్ని మా ఊరి నుంచి ఎత్తేసిన దగ్గరే మొదలుపెట్టాలి.

మా పాత ఊరు ఎల్లారెడ్డి దాటి లోపలికి, వాగు పక్కన ఉండేది. వాగు మీద ప్రాజెక్టు కడుతున్నాం, ఊరు మొత్తం మునుగుతుంది అన్నారు. మమ్మల్ని మాచారెడ్డి అవతల గుట్టల పక్కన కట్టిన కాలనీకి పంపారు. "ముందు వెళ్ళి ఉండి చూడండి. నచ్చకపోతే మళ్ళీ మాట్లాడుకుందాం" అని ఒక ఆఫీసరు మా నాన్నతో అన్నాడు. మళ్ళీ మాట్లాడటానికి ఆయన రాలేదు, ఇంకెవరూ రాలేదు.

కాలనీలో గడ్డపార వేస్తే రాయి ఖంగుమనేది. బోరు నీళ్ళలో పప్పు ఉడికేది కాదు. వరి తప్ప మరో పని తెలియని మగవాళ్ళు కామారెడ్డి గంజ్ మార్కెట్లో బస్తాలు మోయడానికి పోయారు. ఆడవాళ్ళు బీడీలు చుట్టడం నేర్చుకున్నారు. మొదటి ఏడాదే ముసలివాళ్ళు ఒకరి వెనక ఒకరు పోయారు. డాక్టర్లు ఒక్కొక్కరికి ఒక్కో జబ్బు పేరు చెప్పేవారు. మా నాయనమ్మను మేమంతా అవ్వ అని పిలిచేవాళ్ళం. ఆమె మాత్రం "జబ్బు గాదు, జాగ పడుతలేదు" అనేది.

ఆ కాలనీ బడికి రోజూ కామారెడ్డి నుంచి బస్సులో వచ్చేది మా టీచరమ్మ. సోషల్ చెప్పేది. నేను ఇంటర్ చదివి ఉన్నందుకు అదే బడిలో విద్యా వలంటీరుగా చేరాను. పక్క గదిలోంచి ఆమె గొంతు వింటూ వింటూ పాఠం చెప్పడం నేర్చుకున్నాను. సన్నగా, పొట్టిగా ఉండేది. ఎవరో తరుముతున్నట్టు నడిచేది. చాక్‌పీసులు కొంగుకు ముడేసుకునేది, ఆ ముడి విప్పలేక పిల్లల చేత విప్పించుకునేది. పెళ్ళయిన కొత్తలోనే భర్త చనిపోతే, బీడీలు చుట్టే వాళ్ళమ్మ ఇంటికి తెచ్చుకుని బీఎడ్ దాకా చదివించిందట. మధ్యాహ్నం అన్నం తిన్నాక మా ఆడవాళ్ళ మధ్య కూర్చుని, ఎవరిదో చాట ఒళ్ళోకి లాక్కుని, ముచ్చట్లు పెడుతూనే బీడీలు చుట్టిచ్చేది.

ఆమెకు ఒక మాట మీద పగ ఉండేది. పుస్తకంలో 'కట్టబడింది', 'తరలించబడింది', 'తొలగించబడింది' అని ఎక్కడ కనిపించినా పిల్లలతో దాని కింద గీత గీయించేది. "ఎవరు? కట్టినోడెవడు? తరలించినోడెవడు? పని దానంతటదే అయితదా? చేసినోని పేరు రాయి" అనేది. మా పిల్లలు పరీక్షల్లో కూడా అలాగే రాసి వచ్చేవారు. దిద్దేవాళ్ళు మార్కులు కోసేవారు. ఒకసారి నేనే అడిగాను, పిల్లలకు నష్టం కదా అని. "మార్కులు పోతె పోనియ్యి. అడిగే అలవాటు పోవద్దు" అంది.

ఒకరోజు ఏడో తరగతి పాఠంలో అమెరికా గురించి వచ్చింది. అక్కడి స్థానిక తెగలు వేరే ప్రాంతాలకు తరలించబడ్డాయని ఒక్క వాక్యంలో రాసి పాఠం ముందుకు పోయింది. ఆమె చెప్పకముందే పిల్లలు గీత గీశారు. "ఎవరు తరలించిండ్రు టీచర్?" అని అడిగారు. ఆమె పుస్తకం మూసి, షయాన్ అనే తెగ కథ చెప్పింది.

ఉత్తరాన, చలి దేశంలో, అడవిదున్నల మందల వెంట బతికిన జనం వాళ్ళు. వాళ్ళ నేల మీద అమెరికా సర్కారు కన్ను పడింది. సైన్యం వాళ్ళను యుద్ధంలో అణచి, ఎంతో దూరంలో ఉన్న దక్షిణ దేశానికి, ఉక్కపోసే చోటుకు తోలింది. నచ్చకపోతే తిరిగి రావచ్చని వాళ్ళకూ చెప్పారట. అక్కడ జ్వరాలు పట్టుకున్నాయి. ఇస్తామన్న తిండి చాలినంత ఇవ్వలేదు. పిల్లలూ ముసలివాళ్ళూ రాలిపోయారు. మా నేలకు మేం పోతామంటే వీల్లేదన్నారు. అప్పుడు వాళ్ళలో మూడొందల మంది దాకా, ఆడవాళ్ళూ పిల్లలే ఎక్కువ, గుడారాలు వేసినవి వేసినట్టే వదిలేసి ఉత్తరానికి బయల్దేరారు. సైన్యం వెంటపడింది.

సాయంత్రానికల్లా ఆ కథ కాలనీలో ఇంటింటికీ చేరింది. మర్నాడు మా అవ్వ కర్ర పట్టుకుని వచ్చి బడి గుమ్మంలో నిలబడింది.

"ఏమమ్మా టీచరమ్మా, ఆ సాయన్నోళ్ళు ఎవలన్న ఇల్లు చేరిండ్రా?"

షయాన్ అన్న పేరు అవ్వ నోట్లో సాయన్న అయింది. ఆ తర్వాత మా ఊరందరికీ వాళ్ళు సాయన్నోళ్ళే.

టీచరమ్మ చాక్‌పీస్ కింద పెట్టింది. "నాకు అంతదాంక తెల్వదవ్వా. మస్తుమంది సచ్చిపోయిండ్రని సదివిన."

"సచ్చినోళ్ళ సంగతి ఎవడన్న చెప్తడు. చేరినోళ్ళ సంగతి తెలుసుకొని చెప్పు బిడ్డా."

ఆమె సెలవు పెట్టి హైదరాబాద్ పోయింది. పెద్ద లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లిష్ పుస్తకాలతో కుస్తీ పట్టానని తర్వాత నవ్వుతూ చెప్పింది. తిరిగి వచ్చిన రోజు బస్సు దిగి బడికి కూడా పోకుండా నేరుగా మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విడవలేదు. "అవ్వా, చేరిండ్రు. అందరు చేరలే. కని చేరిండ్రు. వాళ్ళ పిల్లల పిల్లలు ఇయ్యాల్టికి ఆడనే ఉన్నరు" అంది.

అవ్వ "ఇగ మంచిగుంది" అని బీడీ ముట్టించుకుంది.

ఆ ఏడు వానలకు ప్రాజెక్టు మొదటిసారి నిండింది. మా నాన్న చూసి రావడానికి పోయాడు. ఊరు మునిగింది. కానీ ఊరికి పైన మక్కచేలూ జొన్నచేలూ ఉన్న ఎత్తు నేల మునగలేదు. దాన్ని మీదిగడ్డ అనేవాళ్ళం. నీళ్ళు దాని కింది అంచుకు వచ్చి ఆగిపోయాయి. అది కూడా మునిగిపోతుందనే మాతో ఖాళీ చేయించారు. "మీదిగడ్డ నిండ తంగేడు పూసింది" అని ఒక్క మాట చెప్పి నాన్న గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగాం. అది ప్రాజెక్టు భూమి, ఎవరూ అడుగు పెట్టడానికి లేదన్నారు.

బతుకమ్మ పండుగ వచ్చింది. కాలనీ దగ్గర చెరువు లేదు, వాగు లేదు. బతుకమ్మలను ట్యాంకరు నీళ్ళు పట్టుకునే సిమెంటు గోలెంలో వేశాం. ఒకదాని మీద ఒకటి పడి అవి తేలడానికి కూడా చోటు లేకపోయింది. ఎవరూ పాట ఎత్తుకోలేదు. అవ్వ ఆ గోలెం వైపు చూసి, "ఇగ సాలు. నడువుండ్రి" అంది.

టీచరమ్మ ఉసిగొల్పితేనే మేం బయల్దేరామని తర్వాత చాలామంది అన్నారు. అది అబద్ధం. ఆమె అవ్వ దగ్గరికి వచ్చి అడుగుతుంటే నేను పక్కనే ఉన్నాను. "అవ్వా, నేను చెప్పిన కథ ఇని పోతున్రా? తొవ్వల ఎవలకన్న ఏమన్న అయితే?" అంది. ఆమె గొంతులో భయం నేను మొదటిసారి విన్నాను.

అవ్వ నవ్వింది. "మా ఊరికి మేం పోనీకె నీ కథెందుకు బిడ్డా? కథ తొవ్వల పొద్దుపోనీకె. నువ్వొస్తె నువ్వు చెప్పు. రాకుంటే మేమే ఏదో ఒకటి చెప్పుకుంటం."

ఆమె మళ్ళీ సెలవు చీటీ రాసి మాతో వచ్చింది.

నెత్తిన మూటలు, చంకన పిల్లలు, గంపల్లో కోళ్ళు. మాచారెడ్డి దాటి కామారెడ్డి రోడ్డు పట్టాం. ఎప్పుడూ పరుగులాంటి నడక నడిచే మనిషి, ఆ రోజుల్లో అవ్వ కర్ర ఎంత మెల్లగా పడితే అంత మెల్లగా నడిచింది. ఎండ నెత్తికెక్కితే ఏదో ఒక చెట్టు కింద ఆగేవాళ్ళం. అప్పుడు సాయన్నోళ్ళ కథ కొంచెం కొంచెం చెప్పేది. మంచి మాత్రమే ఏరి చెప్పలేదు. "తొవ్వల ఆళ్ళ పడుసు పిల్లగాండ్లు కొందరు, ఇండ్ల మీద పడి మనుషులను సంపిండ్రు. అది గూడ జరిగింది" అంది. అవ్వ వెంటనే వెనక్కి తిరిగి మా మగపిల్లలతో, "ఇన్నరా? ఒగల చేన్ల కంకి గూడ ముట్టొద్దు" అంది. ఎవరూ ముట్టలేదు.

కామారెడ్డిలో టీచరమ్మ వాళ్ళ గల్లీ బీడీల ఆడవాళ్ళు మాకు అన్నం వండి పెట్టారు. వాళ్ళమ్మ గంటె పట్టుకుని స్వయంగా వడ్డించింది. "కడుపు నిండ తినుండ్రి. ఎల్లారెడ్డి ఇంక దూరమున్నది" అంటుంటే, మమ్మల్ని పోవద్దని చెప్పని మొదటి మనిషి ఆమే అనిపించింది.

ఊరు దాటి ఎల్లారెడ్డి రోడ్డు మీద కొంత దూరం పోయామో లేదో, వ్యాన్లు అడ్డంగా పెట్టారు. పోలీసులు, వాళ్ళ వెనక ఆఫీసర్లు. ఒక ఆఫీసరు టీచరమ్మను గుర్తుపట్టాడు.

"మీరు గవర్నమెంట్ ఉద్యోగి కదా మేడం. మీకేం పని ఇక్కడ?"

"నేను సెలవుల ఉన్న సార్."

"సెలవులో ఉంటే?"

"సెలవుల నడుస్తున్న. నడువొద్దని రూల్ ఉంటె చూపియ్యుండ్రి."

మమ్మల్ని మూటలతో సహా వ్యాన్లలోకి ఎక్కించారు. ఆమెను ఎక్కవద్దన్నారు. ఆమె అవ్వ చెయ్యి పట్టుకుని ఎక్కి కూర్చుంది.

వ్యాను వెనక్కి తిరిగింది. ఎవరి ముఖం ఎవరూ చూడటం లేదు. అవ్వ అడిగింది, "సాయన్నోళ్ళను పట్టుకుంటె ఏం జేసిండ్రు?"

టీచరమ్మ పక్కనున్న మూట సర్దసాగింది. అవ్వ మళ్ళీ అడిగింది. అప్పుడు చెప్పింది. తొవ్వలో వాళ్ళు రెండు గుంపులయ్యారు. ఒక గుంపు చలికాలంలో దొరికిపోయింది. వాళ్ళను కోట దగ్గర ఒక పొడవాటి కొట్టంలో పెట్టారు. దక్షిణానికి తిరిగి పోతామని ఒప్పుకొమ్మన్నారు. ఇక్కడే చస్తాం గానీ పోమన్నారు. అప్పుడు తిండి ఆపారు, పొయ్యిలోకి కట్టెలు ఆపారు, నీళ్ళు కూడా ఆపారు. బయట మంచు. అయినా ఒప్పుకోలేదు. కిటికీలు విరగ్గొట్టి మంచులోకి దూకి పరుగెత్తారు. సైనికులు కాల్చారు. చాలామంది అక్కడే పడిపోయారు. రెండో గుంపు మాత్రం దొరకకుండా చలికాలమంతా దాక్కుని, ఉత్తరానికి పోయి, ఇక్కడే ఉంటామని పట్టుబట్టి ఉండిపోయింది. కొట్టంలోంచి బతికి బయటపడ్డవాళ్ళు కూడా చివరికి అక్కడికే చేరారు.

వ్యాన్లో మా చిన్నమ్మ ఏడుస్తోంది. "ఎందుకు టీచరమ్మా గిట్ల భయపెడుతవు?" అంది.

"భయపెడుతలేను. అడిగిండ్రు, చెప్పిన."

అవ్వ చిన్నమ్మ వీపు తట్టింది. "ఏడువకు. మనది ఇంక ఒక్క గుంపే దొరికింది. రెండోది ఉండనే ఉన్నది" అంది.

ఆ మాటకు వ్యాన్లో ఉన్న కానిస్టేబుల్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

టీచరమ్మకు మెమో ఇచ్చారు. ఆ వెంటనే పిట్లానికి బదిలీ చేశారు. మాకు దూరం చేశామనుకున్నారు. ఆమె చివరి రోజు బడిలో మ్యాప్ విప్పి, పిట్లం మీద ఒక వేలు, ఎల్లారెడ్డి మీద ఒక వేలు పెట్టి నాకు చూపించింది. "చూసినవా? మాచారెడ్డి కంటె ఇదే దగ్గర. బదిలీ చేసినోళ్ళు మ్యాప్ చూసినట్టు లేరు" అని గట్టిగా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

రెండోసారి మేం ఊరేగింపులా పోలేదు. ఒక కుటుంబం పొద్దున బస్సుకు, ఇంకో కుటుంబం మధ్యాహ్నం ఆటోకు. ఎవరైనా అడిగితే, ఎల్లారెడ్డిలో పెళ్ళికి పోతున్నాం, సంతకు పోతున్నాం, చుట్టాలను చూడటానికి పోతున్నాం. ఒకే వారంలో ఎల్లారెడ్డికి అన్ని పెళ్ళిళ్ళు ఎందుకున్నాయో కండక్టర్లకు అర్థమయ్యే ఉంటుంది. టికెట్ కొట్టారే తప్ప ఒక్కరూ నోరు విప్పలేదు. మీదిగడ్డ మీద తంగేడు కొట్టి, తాటాకులూ టార్పాలిన్లూ వేసి గుడిసెలు లేపాం. అప్పటికే చలి ముదిరింది.

ఈసారి మమ్మల్ని ఎత్తుకుపోలేదు. రేషన్ కాలనీలోనే ఇస్తామన్నారు. కార్డులు అక్కడివి కాబట్టి బియ్యం అక్కడే, కావాలంటే తిరిగి రమ్మన్నారు. మూడు పూటల అన్నం రెండు పూటలైంది, ఆ తర్వాత మక్క రవ్వ ఉడికించిన గటకకు దిగింది. కొన్ని ఇళ్ళవాళ్ళు పిల్లల ఆకలి చూడలేక వెనక్కి పోయారు. వాళ్ళను ఎవరూ తప్పు పట్టలేదు. టీచరమ్మ శనివారం బడి కాగానే పిట్లం నుంచి బస్సెక్కి వచ్చేది. ఆదివారమంతా టార్పాలిన్ కింద పిల్లలను కూర్చోబెట్టి చదువు చెప్పేది. ఆ బడికి పేరు లేదు, గోడ లేదు, అప్పటికి అనుమతీ లేదు. "మీరు అడుగుండ్రి, నేను చెప్త. ఇది బడి గాకపోతె ఇంకేంది?" అనేది.

ఆ చలికాలమే అవ్వ పోయింది. ఆఫీసు నుంచి ఒకతను మోటారు సైకిల్ మీద వచ్చి, ఇది ప్రాజెక్టు భూమి, శవాన్ని కాలనీకి తీసుకుపొమ్మన్నాడు. బండి కూడా పంపిస్తామన్నాడు. మా నాన్న గడ్డపార పట్టుకుని అప్పటికే గుంత తవ్వుతున్నాడు. తల కూడా ఎత్తలేదు.

టీచరమ్మ ఆ ఆఫీసు మనిషి ముందుకు పోయి నిలబడింది. "ఆమె నడిసి వచ్చింది సార్. మీరు ఒక్కసారి వెనుకకు తోలుకపోయిండ్రు. ఇప్పుడు ఎట్ల తోలుకపోతరు?" అంది. అరవలేదు. అతను మోటారు సైకిల్ తిప్పుకుని పోయాడు. మట్టి పోసే వేళకు ఆమె కూడా అందరితో పాటు దోసిలి నింపింది. ఆ రోజు ఆమె కళ్ళల్లో నీళ్ళు చూశాను.

ఆ తర్వాత మాకు న్యాయం ఒక్కరోజులో జరగలేదు. ఎందరో ఆఫీసర్లు మారారు, కోర్టుకు తిరిగాం, ధర్నాలు చేశాం, మా నాన్న మోకాళ్ళు అరిగిపోయాయి. చివరికి మీదిగడ్డ మునకలో లేదని సర్కారే ఒప్పుకుంది. కరెంటు స్తంభాలు పడ్డాయి. రేషన్ కార్డులు ఇక్కడికి మారాయి. బడి వచ్చింది. ఇప్పుడు నేను పాఠాలు చెబుతున్నది అందులోనే. అందరూ తిరిగి రాలేదు. కాలనీలో ఉండిపోయినవాళ్ళున్నారు, కామారెడ్డిలో స్థిరపడినవాళ్ళున్నారు. ఊరు మునుపటి ఊరు కాదు, సగం ఊరు. కానీ ఊరు.

ఊరన్నాక నడిమధ్య బొడ్రాయి ఉండాలి. పాత బొడ్రాయి నీళ్ళలో ఉండిపోయింది. కొత్తది నిలబెట్టిన రోజు ఊరి ఆడబిడ్డలందరినీ పిలిచి పుట్టింటి ఒడిబియ్యం పోశాం. టీచరమ్మను కూడా పిలిచాం. ఆమె వచ్చింది కానీ వెనక నిలబడింది. మా చిన్నమ్మ చెయ్యి పట్టుకుని ముందుకు లాగితే వెనక్కి గుంజుకుంది. "నాకొద్దమ్మా. మొగడు లేనిదానికి ఒడిబియ్యం పొయ్యొద్దంటరు."

"ఎవరు?" అంది చిన్నమ్మ. "అన్నోని పేరు చెప్పు."

టీచరమ్మ ఇన్నేళ్ళూ పిల్లలను అడిగిన ప్రశ్న తన దగ్గరికే వచ్చింది. పీట మీద కూర్చుని కొంగు పట్టింది. మేం ఒక్కొక్కరం బియ్యం పోస్తుంటే, "సాలమ్మా, ఎట్ల మోస్కపోవాలె ఇన్ని" అని నవ్వుతూ, ఏడుస్తూ కూర్చుంది.

రిటైరయ్యాక తమ్ముడి ఇంట్లో ఉండేది. నేను కామారెడ్డి పోయినప్పుడల్లా కలిసేదాన్ని. ఆరోగ్యం గురించి అడిగితే మాట దాటేసి, "పిల్లలు అడుగుతున్నరా?" అనేది. నా ఉద్యోగం గురించి ఆమె అడిగింది ఎప్పుడూ ఆ ఒక్క ప్రశ్నే.

మేం వెళ్ళేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. మా ఆడవాళ్ళు తెచ్చిన చీర కప్పారు. ఇంతమంది ఆటోల్లోంచి దిగుతుంటే చుట్టాలు వింతగా చూశారు. పాడె లేచింది, డప్పులు మొదలయ్యాయి. గల్లీ దాటి పెద్ద రోడ్డు మీదికి రాగానే వాళ్ళ వైపు పెద్దమనిషి ఒకాయన చేతులు అడ్డం పెట్టాడు. "ఆడోళ్ళు ఇక్కడికెల్లి మర్లుండ్రమ్మా. ముందలికి రావొద్దు."

మా చిన్నమ్మ కొంగు నడుముకు చుట్టుకుంది. "మేం తల్లిగారోళ్ళం. మా బిడ్డను కడదాంక తోలిచ్చి వస్తం" అని ఆయన చేతి కింది నుంచి ముందుకు పోయింది. ఆమె వెనక మేమందరం పోయాం. ఆయన చేతులు దించుకున్నాడు.

అప్పుడే వాన అందుకుంది. మగవాళ్ళలో చాలామంది దుకాణాల రేకుల కింద చేరారు. ఆ వానలో డప్పు మోత మందగించి పాడె వెనక నడిరోడ్డు మీద మా ఊరి ఆడవాళ్ళే మిగిలారు. చీరలు ఒంటికి అంటుకుపోయి, నీళ్ళల్లో పాదాలు చప్పుడు చేస్తుంటే, ఒక్కరూ పక్కకు తప్పుకోకుండా నడుస్తూ ఉన్నారు.